మోటారు విప్పే చెయ్యి మన ఊళ్లోనే ఉండాలి

బోరు మోటారు కాలిపోతే చిత్తూరు జిల్లా రైతు ఏం చేస్తాడో అందరికీ తెలుసు. పైపులు పైకి లాగించి, మోటారును ట్రాక్టరులో వేసుకుని రీవైండింగ్ షాపుకు పోతాడు. కొన్ని రోజుల్లో కొత్త వైండింగ్, కొత్త బేరింగు, కొత్త సీలుతో అది మళ్లీ బోరులోకి దిగుతుంది. అదే ఊళ్లో ఎలక్ట్రిక్ కారు మోటారు బేరింగు అరవడం మొదలుపెడితే కథ వేరు. కారు లారీ ఎక్కి చెన్నైకో బెంగళూరుకో పోతుంది. అక్కడ మోటారు, గేర్‌బాక్సు, కొన్ని మోడళ్లలో ఇన్వర్టరు కూడా కలిసి ఉన్న యూనిట్‌ను మొత్తంగా మార్చేస్తారు. అరచేతిలో ఇమిడే బేరింగు కోసం లక్షల విలువ చేసే యూనిట్ పక్కకు పోతుంది. వారంటీ ఉన్నంతకాలం ఆ ఖర్చు కంపెనీదే. ఆ తర్వాత ఎవరిది?

ఆ రోజు ఎంతో దూరంలో లేదు. టాటా నెక్సాన్ ఎలక్ట్రిక్ కారు 2020 జనవరిలో మార్కెట్లోకి వచ్చింది. అప్పటి కార్లలో బ్యాటరీకీ మోటారుకూ 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు, ఏది ముందైతే అదే వారంటీ. తొలి కార్లకు 2028లో గడువు తీరుతుంది. ట్యాక్సీలకు అంత వ్యవధి కూడా ఉండదు. రేణిగుంట విమానాశ్రయం, తిరుమల, శ్రీకాళహస్తి, కాణిపాకం తిరిగే కారుకు రోజుకు 150 కిలోమీటర్లు పెద్ద లెక్క కాదు. ఆ లెక్కన మూడేళ్లలోపే 1.6 లక్షలు దాటుతుంది.

ఎలక్ట్రిక్ కారు కొనవద్దని మేం చెప్పడం లేదు. మోటారులో తిరిగేది రోటర్ ఒక్కటే. దాని వెనక ఒకే నిష్పత్తి గేర్‌బాక్సు ఉంటుంది. చక్రం ఒక చుట్టు తిరగడానికి మోటారు సుమారు 9, 10 చుట్లు తిరుగుతుంది. తర్వాత డిఫరెన్షియల్, రెండు డ్రైవ్ షాఫ్టులు, అంతే. క్లచ్ లేదు, టైమింగ్ బెల్టు లేదు. ఇది పెట్రోలు ఇంజన్ కన్నా తక్కువగా చెడే యంత్రమే. చెడినప్పుడు దగ్గర్లో బాగుచేసే దారి లేకపోవడమే మా బాధ.

బేరింగు ఎందుకు పోతుందో తెలిస్తే ఆ బాధ ఇంకా పెరుగుతుంది. ఇన్వర్టరు బ్యాటరీ డీసీ కరెంటును సెకనుకు వేల సార్లు తెంచి కలుపుతూ మూడు ఫేజుల ఏసీగా మారుస్తుంది. దీనివల్ల రోటర్ షాఫ్టు మీద కొంత వోల్టేజీ పేరుకుంటుంది. అది బయటకు పోయే సులువైన దారి లేకపోతే, బేరింగు గుండ్లకూ, అవి దొర్లే రింగుకూ (రేసు) మధ్య ఉన్న సన్నని గ్రీజు పొరను చీల్చుకుని దూకుతుంది. దూకిన ప్రతిసారీ కంటికి కనిపించనంత గుంట పడుతుంది. కొన్నాళ్లకు రేసు మీద దువ్వెన పళ్లలాంటి అడ్డగీతలు తేలతాయి. వేగంతోపాటు పెరిగే ఆ ఊళ చాలాసార్లు ఆ గీతల మీద గుండ్లు దొర్లే చప్పుడే. దీనికి విరుగుడు తెలియనిది కాదు: షాఫ్టు మీది వోల్టేజీని పక్కకు మళ్లించే ఎర్తింగ్ రింగు, లేదా కరెంటు పారని సిరామిక్ గుండ్ల బేరింగు. పాత ఎర్తింగ్ రింగు అరిగిందో లేదో చూడకుండా కొత్త బేరింగు ఒక్కటే బిగిస్తే అదే జబ్బు తిరిగొస్తుంది.

రెండోది సీలు. రోటర్ లోపలికి కూలెంట్ పంపే డిజైన్లలో సీలు అరిగితే కూలెంట్ వైండింగ్ వైపు చేరుతుంది, ఇన్సులేషన్ పడిపోతుంది, కారు కదలనంటుంది. టెస్లా మోడల్ ఎస్ తొలి కార్లలో డ్రైవ్ యూనిట్లు మోత పెట్టి, చాలావాటిని మార్చాల్సి వచ్చింది. 2014 ఆగస్టులో ఆ కంపెనీ డ్రైవ్ యూనిట్ వారంటీని దూరంతో పనిలేకుండా 8 ఏళ్లకు పెంచింది. అలాంటి యూనిట్లనే ఇవాళ అమెరికాలోని ప్రైవేటు వర్క్‌షాపులు విప్పి బేరింగులు, సీళ్లు మారుస్తున్నాయి. అంటే పని సాధ్యమే.

తిరుపతి కార్లకు ఘాట్ రోడ్డు అదనపు పరీక్ష. కొండకూ ఊరికీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. మనుషులతో కలిపి 2 టన్నులుండే కారు ఆ ఎత్తుకు చేరడానికే దాదాపు 4 యూనిట్ల కరెంటు కావాలి. టైర్ల రాపిడి, గాలి, ఏసీ ఖర్చు దీనికి అదనం. దిగేటప్పుడు మోటారే జనరేటర్‌గా మారి అందులో కొంత తిరిగి ఇస్తుంది. అయితే ఎక్కేటప్పుడు గేరు పళ్లకు ఒకవైపు బరువు పడితే, దిగేటప్పుడు రెండోవైపు పడుతుంది. మలుపు మలుపుకూ యాక్సిలరేటర్ నొక్కి వదిలితే షాఫ్టు స్ప్లైన్లు (ఒకదానిలో ఒకటి ఇమిడే గాడి పళ్లు) అటూ ఇటూ కొట్టుకుంటాయి. పాదం మెల్లగా ఎత్తడం, మెల్లగా నొక్కడం యంత్రానికి నిజంగా మేలు చేస్తుంది. ఇంకో ముఖ్య విషయం: కొండమీద బ్యాటరీ 100 శాతం నింపుకుని దిగకండి. నిండిన బ్యాటరీ కరెంటును తీసుకోలేదు. అప్పుడు మోటారు పట్టు తగ్గి భారమంతా బ్రేకుల మీద పడుతుంది.

కారు ఆగిందంటే మోటారే పోయిందనుకోవడం కూడా తప్పు. ముందు చూడాల్సింది 12 వోల్టుల చిన్న బ్యాటరీని. అది పడిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా దాన్ని మోటారు వైపు కలిపే స్విచ్చులు (కాంటాక్టర్లు) కలవవు, కారు మేలుకోదు. అమరరాజా బ్యాటరీలు తయారయ్యే కరకంబాడి పక్కనే బతికే మనం ఈ చిన్న బ్యాటరీని మరిచిపోవడం సరికాదు. 2024లో హ్యుందాయ్ మన దేశంలో 1,744 అయానిక్ 5 కార్లను వెనక్కి పిలిచింది కూడా ఈ చిన్న బ్యాటరీని నింపే ఛార్జింగ్ నియంత్రణ యూనిట్ లోపం వల్లే. మలుపులో టకటక చప్పుడొస్తే అది చాలావరకు డ్రైవ్ షాఫ్టు జాయింటు. రబ్బరు బూటు చిరిగి గ్రీజు కారిందేమో చూడాలి. గేర్ ఆయిల్ ప్లగ్గు అయస్కాంతానికి మెత్తని బూడిదరంగు ముద్ద అంటితే మామూలే. మెరిసే పెళ్లలు కనిపిస్తే బేరింగో గేరో పోతోందని అర్థం. 2021 నవంబరు వరదల్లాంటివి మళ్లీ వచ్చి కారు మునిగితే, స్టార్ట్ చేయకూడదు, ఛార్జింగ్ పెట్టకూడదు. ఆయిల్ పాలలా తెల్లబడిందంటే నీళ్లు గేర్‌బాక్సులోకి చేరినట్టే. ఇక చెడిన కారును తాడుకట్టి లాగడం పెద్ద పొరపాటు. శాశ్వత అయస్కాంతాల మోటారు చక్రాలతోపాటు తిరిగి కరెంటు పుట్టిస్తుంది, ఇన్వర్టరును కాల్చగలదు. మోటారు నడిపే చక్రాలు నేలకు తగలకుండా తీసుకెళ్లాలి.

మరి మన రీవైండింగ్ మెకానిక్ ఈ పని చేయగలడా? సగం పని ఇప్పటికే వచ్చు. బేరింగు లాగడం, సీలు కూర్చోబెట్టడం, ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పట్టడం అతనికి కొత్తకాదు. నేర్వాల్సిన సగం మాత్రం ప్రాణాలతో ముడిపడినది. పెద్ద బ్యాటరీ కరెంటును తెంచే సర్వీస్ ప్లగ్గు తీసి తన జేబులోనే పెట్టుకోవాలి. 12 వోల్టుల బ్యాటరీ విప్పాలి. ఇన్వర్టరు కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా కంపెనీ చెప్పినంతసేపు ఆగాలి. 1,000 వోల్టులకు సరిపడే గ్లవ్స్ వేసుకుని, సున్నా వోల్టులని మీటరుతో రూఢి చేసుకున్నాకే హై వోల్టేజీ పారే నారింజరంగు కేబుళ్ల మీద చెయ్యి వేయాలి. బోరు మోటారుకు పెట్టినట్టు నేరుగా మెగ్గర్ పెట్టకూడదు. ఇన్వర్టరును విడదీయకుండా పెడితే అందులోని ఎలక్ట్రానిక్స్ పోతాయి. వోల్టుకు 500 ఓమ్‌ల లెక్కన 400 వోల్టుల కారులో ఇన్సులేషన్ కనీసం 2 లక్షల ఓమ్‌లు ఉండాలి. బాగున్న వైండింగ్ మెగాఓమ్‌లలో చూపిస్తుంది. రోటర్‌ను చేత్తో లాగితే అయస్కాంతం వేళ్లు నలిపేస్తుంది, దానికి జిగ్ (పట్టి ఉంచే బిగింపు పరికరం) కావాలి. మందపాటి రాగి కడ్డీలతో అల్లిన స్టేటర్‌ను (మోటారులో తిరగని భాగం) మాత్రం మామూలు షాపులో చుట్టలేరు. అది కాలితే మార్చడమే మార్గం.

తిరిగి బిగించేటప్పుడు ఎర్తింగ్ పట్టీ మరిచిపోకూడదు. కూలెంట్‌ను గాలి బుడగ లేకుండా వాక్యూమ్‌తో నింపాలి, బుడగ నిలిస్తే ఇన్వర్టరు వేడెక్కి కారు బలం తగ్గిస్తుంది. అందులో బోరు నీళ్లు కలపకూడదు. చివరిగా రోటర్ ఏ కోణంలో ఉందో చెప్పే రిజాల్వర్‌ను సరిచూసి ఆ విలువను కంట్రోలర్‌లో నమోదు చేయాలి. మన మెకానిక్ ఆగిపోయేది ఇక్కడే. చెయ్యి రాక కాదు, ఆ సాఫ్ట్‌వేర్ అతని చేతికి ఇవ్వక.

విడిభాగాలను బయటి మార్కెట్‌కు దక్కనివ్వలేదని మార్కెట్లో పోటీని కాపాడే కేంద్ర సంస్థ కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులోనే 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్ల జరిమానా వేసింది. కేంద్రం 2022లో తెచ్చిన 'రైట్ టు రిపేర్' (బాగుచేయించుకునే హక్కు) పోర్టల్ పరిధిలో వాహనాలూ ఉన్నాయి. కంపెనీలు బేరింగు, సీలు, ఎర్తింగ్ రింగు, రిజాల్వర్‌లను పార్ట్ నంబర్లతో విడిగా అమ్మాలని, శిక్షణ పొందిన వర్క్‌షాపులకు క్యాలిబ్రేషన్ సాఫ్ట్‌వేర్‌ను రుసుముకైనా ఇవ్వాలని మేం కోరుతున్నాం. శిక్షణకు దూరం పోనక్కర్లేదు. 2022 సెప్టెంబరు నుంచి తిరుమల ఘాట్‌లో ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి. ఆ అనుభవాన్ని తిరుపతి, చిత్తూరు ఐటీఐలు, పాలిటెక్నిక్‌లకు అందించే ఏర్పాటు ఆర్టీసీ, జిల్లా యంత్రాంగం కలిసి చేయాలి. తొలి బ్యాచ్‌లో రీవైండింగ్ షాపుల వారికి సీట్లు కేటాయించాలి.

అప్పటిదాకా యజమానులు ఒక జాగ్రత్త తీసుకోవాలి. యూనిట్ మొత్తం మార్చాలని సర్వీస్ సెంటర్ చెప్పినప్పుడు ఫాల్ట్ కోడ్, ఇన్సులేషన్ రీడింగ్, గేర్ ఆయిల్ స్థితి కాగితం మీద రాయించుకుని సంతకం తీసుకోండి. వివాదం తలెత్తితే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. అక్కడ మీ చేతిలో ఉండాల్సిన ఆధారం ఆ కాగితమే.