పదేళ్లు దాటితే ఫర్నేస్, ఏసీ రెండూ మార్చేయాలా?

"ఫర్నేస్, ఏసీ పెట్టి పదేళ్లు దాటాయా? రిపేర్లకి డబ్బు తగలేయకండి. రెండూ ఒకేసారి మార్చేయండి. ఈసారి ఒక సైజు పెద్దది పెట్టించండి. పాత గ్యాస్ ఇక దొరకదు. కొత్తది పెడితే బిల్లు సగమైపోతుంది." ఈ సందేశం ఫోన్లలో తెగ తిరుగుతోంది. చదివి కంగారుపడి పెద్ద ఖర్చుకి దిగేవాళ్లని చూస్తే బాధేస్తోంది, ఎందుకంటే ఇందులో నిలబడే మాటలు తక్కువ.

ముందు వయసు సంగతి. ఫిల్టర్ వేళకి మారుస్తూ ఉంటే, చలికాలంలో ఇంటిని వేడిచేసే గ్యాస్ ఫర్నేస్ 15 నుంచి 20 ఏళ్లు నడవడం మామూలే. ఏసీ కూడా చాలా ఇళ్లలో 15 ఏళ్ల దాకా వస్తుంది. ఆగిపోయినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. ఫర్నేస్ వెలిగి, కొన్ని సెకన్లకే ఆరిపోయి, మళ్లీ వెలగబోతోందంటే చాలాసార్లు కారణం ఫ్లేమ్ సెన్సర్ మీద పేరుకున్న పొర. మంట ఉందో లేదో కనిపెట్టే సన్నటి లోహపు పుల్ల అది, శుభ్రం చేస్తే చాలు. బయటి యూనిట్ హమ్మంటూ ఫ్యాన్ తిరగకపోతే మోటార్ తిరగడానికి ఊతమిచ్చే కెపాసిటర్‌ని ముందు అనుమానించాలి. చిన్న పార్టే, కానీ కరెంట్ తీసేశాక కూడా అందులో చార్జ్ మిగులుతుంది. మెకానిక్‌తోనే మార్పించండి.

ఏసీ గ్యాస్ దొరకదన్నది సగం నిజం. పాత ఏసీల్లో ఉండే ఆర్-22 గ్యాస్ తయారీ, దిగుమతి అమెరికాలో 2020 జనవరి 1 నుంచి ఆగిపోయాయి. ఉన్న ఏసీని వాడొద్దని మాత్రం ఆ నిబంధన చెప్పదు. పాత యూనిట్లలోంచి తీసి శుద్ధి చేసిన గ్యాస్ సర్వీసుకి వాడుకోవచ్చు, ఖరీదే ఎక్కువ. దాని తర్వాత వచ్చిన ఆర్-410ఏ గ్యాస్ అయితే సర్వీసుకి ఇంకా వస్తూనే ఉంది. అసలు ఏసీ గ్యాస్ బండిలో పెట్రోల్‌లా ఖర్చయిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఏటా నింపించుకోవడం కన్నా ఆ లీకు వెతికించడం ముఖ్యం. ఆర్-22 యూనిట్‌లో గ్యాస్ తిరిగే గొట్టాల చుట్టే, అంటే కాయిలే కారుతుంటే మాత్రం మార్చడమే మేలని నేనూ అంటాను.

అన్నిటికన్నా నష్టం చేసేది "పెద్ద సైజు" సలహా. ఏసీ గాలిని చల్లబరచడమే కాదు, అందులోని తేమని కూడా లాగాలి. కాయిల్ చల్లబడి, దాని మీద నీరు పట్టి, పళ్లెంలోకి కారడానికి కొంతసేపు పడుతుంది. అవసరానికి మించిన ఏసీ గదిని చకచకా చల్లబరిచి, తేమ పోకముందే ఆగిపోతుంది. ఇల్లు చల్లగానే ఉంటుంది, కానీ జిగటగా. పెద్ద ఫర్నేస్ కూడా అంతే: మాటిమాటికీ వెలిగి ఆరుతూ పార్టులు అరగదీసుకుంటుంది. పైగా ఏసీ సామర్థ్యం ఒక్కో టన్నుకి నిమిషానికి దాదాపు 400 ఘనపుటడుగుల గాలి కావాలి. గదులకి గాలి మోసే డక్టులు పాతవే ఉంచి మెషిన్ పెంచితే ఆ గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది? కిటికీలు, ఇన్సులేషన్, పైకప్పు అన్నీ చూసి, ఇంటికి ఎంత వేడి, చల్లదనం కావాలో లోడ్ లెక్క కట్టమని అడగండి. పాత యూనిట్ స్టిక్కర్ చూసి సైజు చెప్పేవాళ్లకి పని ఇవ్వకండి.

ఇక బిల్లు. 80 శాతం సామర్థ్యమున్న ఫర్నేస్ తీసి 95 శాతంది పెడితే, అదే వేడికి గ్యాస్ దాదాపు 16 శాతం తగ్గుతుంది. సగం ఎక్కడ? ఇంకో సంగతి చాలామంది చెప్పరు. ఇలాంటి 95 శాతం ఫర్నేస్ పొగ వేరే పీవీసీ గొట్టంలోంచి పోతుంది. అప్పటిదాకా దాంతో కలిసి చిమ్నీని వాడుకున్న వాటర్ హీటర్ ఒంటరిదైపోతుంది. చిమ్నీ దానికి మరీ వెడల్పైతే పొగ సరిగ్గా పైకి లాగక ఇంట్లోకే రావచ్చు. కొటేషన్‌లో దీని ప్రస్తావన ఉందో లేదో చూడండి.

రెండూ కలిపి మార్చడం ఎప్పుడూ తప్పని కాదు. ఏసీ గాలిని తోసేది ఫర్నేస్‌లోని ఫ్యాన్, అంటే బ్లోవరే కాబట్టి, రెండూ చివరి దశలో ఉంటే కూలీ కలిసొస్తుంది. కానీ బయటి యూనిట్, లోపలి కాయిల్ ఒకదానికొకటి సరిపోవాలి తప్ప, బాగున్న ఫర్నేస్‌ని పీకనక్కర్లేదు.

వయసుతో పనిలేకుండా మార్చాల్సిన సందర్భం ఒకటుంది: హీట్ ఎక్స్‌ఛేంజర్, అంటే మంట వేడిని ఇంటి గాలికి అందిస్తూ పొగని విడిగా ఉంచే లోహపు భాగం, పగలడం. అందులోంచి రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి రావచ్చు. పగులుందని ఎవరైనా అంటే కెమెరాతో చూపించమనండి, తేలేదాకా ఫర్నేస్ ఆపేయండి. పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పకుండా ఉండాలి. అది మోగితే కారణం వెతుకుతూ కూర్చోకుండా, అందరూ బయటికి వచ్చేశాకే సహాయానికి ఫోన్ చేయండి.