ఛార్జింగ్ దిగని చదువరి

మావాడొకడు ఈ-రీడర్ కొన్నాడు, అదే, పుస్తకాలు చదవడానికే చేసిన పలక. అప్పట్నుంచీ ట్యాబ్‌లో చదివేవాళ్లని చూస్తే వాడికి మహా జాలి. "అది చదవడం కాదు, దీపంలోకి చూడటం" అంటాడు.

ఈ విద్వాంసుడి పఠనాన్ని కళ్లారా చూసే భాగ్యం నాకు కలిగింది. ముందు కవర్ తెరిచాడు. అక్షరం సైజు ఒక మెట్టు పెంచాడు, లావైందని దించాడు. మార్జిన్ మరీ సన్నంగా ఉందని వెడల్పు చేశాడు. ఫాంటు మార్చి, పాతదే నయమన్నాడు. వెలుగుని పసుపు వైపు జరిపి, మరీ పచ్చకామెర్లలా ఉందని వెనక్కి లాగాడు. ఈలోగా తెర ఒక్కసారి నల్లబడి తెల్లబడింది. "చూశావా, పాత పేజీ నీడ మిగలకుండా తుడుచుకుంటోంది!" అని మురిసిపోయాడు. మూడు శాతం దగ్గరున్న పుస్తకం మూడు శాతం దగ్గరే ఉంది. వాడికి నిద్రొచ్చింది.

"ఒక్కసారి ఛార్జ్ చేస్తే వారాలొస్తుంది తెలుసా?" తెలుసు నాయనా. ఈ-రీడర్‌కుండే ఈ-ఇంక్ తెరలో వెంట్రుక మందం బుడగలు, వాటిల్లో నలుపు తెలుపు రేణువులు. వాటిని కదపడానికే కరెంటు కావాలి, కదిలినవి అక్కడే నిలబడటానికి అక్కర్లేదు. అంటే తెరకి పేజీ తిప్పితేనే ఖర్చు. నీ బ్యాటరీ నెలన్నర వచ్చిందంటే అందులో కంపెనీ గొప్పేముంది?

పైగా వెయ్యి పుస్తకాలున్నాయట. 2009లో అమెజాన్ పాఠకుల కిండిల్ ఈ-రీడర్లలోంచి ఆర్వెల్ నవల '1984' కాపీలు కొన్నింటిని చెప్పాపెట్టకుండా చెరిపేసింది, డబ్బు వాపసిచ్చిందనుకోండి. మావాడి వెయ్యీ అలా మాయమైతే వాడికి తెలిసేది ఏ పదేళ్లకో.

ట్యాబ్ జాతీ తక్కువ తినలేదు లెండి. పేరాకో నోటిఫికేషన్, నోటిఫికేషన్‌కో వీడియో. వాళ్ల సంగతి ఇంకోసారి.

మా అమ్మకి చూపు మందగించింది. ట్యాబ్‌లో అక్షరాన్ని వేలెడంత చేసుకుని, తెరకి నాలుగు లైన్ల చొప్పున చదువుకుంటుంది. మొన్న వీడొచ్చి, "పిన్నిగారూ, ఇదీ ఒక చదువేనా? కళ్లు పోతాయి" అన్నాడు. ఆవిడ ట్యాబ్ మూసి పక్కన పెట్టింది. రెండ్రోజులు ముట్టలేదు.

ఎవడ్రా నువ్వు? మూడు శాతం దాటని మొహమేసుకుని, పుస్తకం ముందు కూర్చున్న మనిషిని లేపడానికి నీకేం హక్కుంది? అసలు ఉన్న చూపే అంతంతమాత్రం, దాన్నీ పుస్తకాలకే ఖర్చు పెట్టుకుంటోంది, నీకేం నొప్పి?

మూడో రోజు మళ్లీ తీసింది. సాయంత్రానికల్లా, "ఒరేయ్, ఛార్జర్ ఎక్కడ పెట్టావురా?" అని కేకేసింది.