కందెన వేళ

మా కర్నూలులో తుంగభద్ర ఒడ్డున వేసిన నడకబాట మీద ఈమధ్య ఒక అపవాదు వినిపిస్తోంది. అక్కడ నడిచేవాళ్ళకంటే కూర్చునేవాళ్ళే ఎక్కువట. రోజూ వెళ్ళి కూర్చునేవాడిగా దీనికి జవాబు చెప్పుకోవాల్సిన బాధ్యత నా మీద పడింది.

ముందు చరిత్ర చూద్దాం. ఏటికి అవతల అలంపురం గుడులు కట్టేటప్పుడు రాళ్ళు మోసే బండ్లు ఇక్కడ ఆగి, ఇరుసులకు కందెన పూసుకుని, ఆ తర్వాతే ఏరు దాటేవని పెద్దలు చెబుతారు. అందుకే కందెనవోలు అయింది, పోనుపోను కర్నూలు అయింది. ఆ బండ్లు నడిచి వచ్చిన దారి పొడవునా ఎన్నో ఊళ్ళు ఉండి ఉంటాయి. వాటికి ఈ పేరు రాలేదు. బండి ఆగిన చోటుకే వచ్చింది. అలాంటి ఊళ్ళో పుట్టి, ఒడ్డున ఒక్క నిమిషమైనా ఆగకుండా చరచరా నడిచిపోయేవాణ్ణి ఏమనాలి?

బాట విషయానికొస్తే ఎత్తు లేదు, పల్లం లేదు, రాయి లేదు, ముల్లు లేదు. తప్పటడుగుల పిల్లలు కూడా ఆ చివరిదాకా పోయి వస్తారు. దానికి మా సన్నాహం మాత్రం హిమాలయాలకు సరిపోతుంది. కాళ్ళకు కొత్త బూట్లు, మోకాలికి పట్టీ, చేతికి స్మార్ట్ వాచీ, చంకలో నీళ్ళ సీసా. ఇల్లు అర కిలోమీటరే అయినా స్కూటరు మీదే వస్తాం. నడకకు ముందే అలిసిపోతే ఇంక నడిచేదెలా?

ప్రమాదమంటూ ఉంటే ఒకటే, మూడో బెంచీ ముందున్న టైలు. చూడటానికి పక్కవాటిలాగే బుద్ధిగా పడుకుని ఉంటుంది. ఎడమ మూల తొక్కితే కుడి మూల లేస్తుంది. కింద దాగిన నిన్నటి నీళ్ళు పిచికారీ కొట్టినట్టు ప్యాంటు మీదికి చిమ్ముతాయి. పాతవాళ్ళందరికీ తెలుసు, కొత్తవాళ్ళకు ఎవరూ చెప్పరు. తడిసి, తిట్టుకుని, బెంచీ మీద కూలబడ్డాకే వాళ్ళను మాలో కలుపుకుంటాం. నేనూ అలాగే చేరాను, తెల్ల ప్యాంటుతో.

బెంచీ మీద పని ఉండదనుకోవద్దు. 1953 అక్టోబరు 1న వచ్చి, మూడేళ్ళు తిరిగాక 1956లో పోయిన ఆంధ్ర రాష్ట్ర రాజధానిని మావాళ్ళు రోజూ ఆరున్నరకు వెనక్కి తెస్తారు. ఏడింటికి టిఫిన్ వేళవుతుంది కాబట్టి వదిలేస్తారు. ఈ చర్చలో చేతులు బాగా ఊపాలి. ఊపిన ప్రతిసారీ వాచీలో అడుగులు పెరుగుతాయి. రాజధాని గట్టిగా నడిచిన రోజున మా పెద్దాయన కూర్చున్నచోటే రెండు వేలు దాటారు.

అన్నట్టు, రోజుకు పదివేల అడుగులు నడవాలనే ఈ లెక్క ఏ ధన్వంతరీ చెప్పింది కాదు. 1965లో జపానులో ఒక కంపెనీ అడుగులు లెక్కించే మీటరు అమ్ముతూ దానికి పెట్టిన పేరుకు అర్థం ‘పదివేల అడుగుల మీటరు’. సరుకు పేరే శాస్త్రమై కూర్చుంది. అది కూర్చుంటే తప్పు లేదు గానీ, మేం కూర్చుంటే తప్పా?

ఇక ఏటి అందం. ‘గంగా స్నానం, తుంగా పానం’ అన్నారు పెద్దలు. గాలి తుంగభద్ర మీది నుంచి వీస్తే ఆ మాట తలచుకుంటాం. హంద్రి ఏటి వైపు నుంచి వీస్తే ముక్కు మూసుకుంటాం. ఎండాకాలంలో నీళ్ళకన్నా బండలే ఎక్కువ కనిపిస్తాయి. ఏటి కోసం మేం ఒడ్డుకు పోతున్నాం గానీ, 2009 అక్టోబరు 2న ఏరే నడుచుకుంటూ మా వీధుల్లోకి వచ్చింది. ఆ రోజు కర్నూలు మొత్తం పరిగెత్తింది. ఎన్ని అడుగులో ఎవరూ లెక్కపెట్టుకోలేదు.

నడక ముగిశాక, అంటే లేచాక, ఉగ్గాని బండి దగ్గరికి చేరతాం. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. నా విషయంలో కొండలే కరుగుతున్నాయి, పొట్ట కరగడం లేదు. అందుకే నిలబడి తింటున్నాను. ఒక ప్లేటు ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు. నూనె ఎక్కువని ఇంట్లో గొడవ. ఎద్దుల బండికి ఆముదం, మనిషికి బజ్జీ. కందెన లేకుండా ఈ ఊళ్ళో ఎవరైనా ఏరు దాటారా?

అధికారులకు నా మనవి ఒక్కటే. బాటను పొడిగించవద్దు. ఉన్న బాటలోనే బెంచీలు పెంచండి. ఆ టైలు జోలికి మాత్రం పోవద్దు.

నిన్న నడుద్దామనే గట్టిగా అనుకుని బెంచీ మీది నుంచి లేచాను. పక్కనున్నాయన చప్పున కాళ్ళు లోపలికి లాక్కుని వెనక్కి తిరిగి చూశాడు.

“ఏందన్నా?” అన్నాను.

“ఏదో బండి వస్తాంది సార్. కందెన లేనట్టుంది, కిర్రుమంటాంది.”

“బండి కాదన్నా, నా మోకాలు.”

“అట్లనా... అయితే కూర్చో సార్, కూర్చో” అని జరిగి చోటిచ్చాడు.