కోటికి ఒకటి తక్కువ గేముల క్యాసెట్ గారికి

మహారాజశ్రీ 99,99,999 ఇన్ 1 వీడియో గేమ్ క్యాసెట్ గారికి నమస్కరించి వ్రాయునది.

తమరు క్షేమమని తలుస్తాను. క్షేమంగా కాక ఎలా ఉంటారులెండి, మిమ్మల్ని ఇంతవరకూ ఎవరూ వినియోగదారుల కోర్టుకు ఈడ్వలేదు కదా. మన దేశంలో ఆ చట్టం 1986లోనే వచ్చింది. మీరు మా ఇంట్లో అడుగుపెట్టింది తొంభైల్లో. అంటే చట్టం ఉందని తెలిసీ ఒంటి మీద అంత అంకె వేయించుకుని మరీ తిరిగారన్నమాట. మీ గుండె ధైర్యానికి ఒక దండం.

మా గోదావరి జిల్లాల్లో క్రిస్మస్ డిసెంబరు 25న వస్తుందని క్యాలెండర్లో ఉంటుంది గానీ, పిల్లల లెక్కలో అది కువైట్ అట్టపెట్టె దిగిన రోజే వచ్చేసినట్టు. నైలాన్ తాడు బిగించి, నాలుగు వైపులా మార్కర్ పెన్నుతో ఊరి పేరు రాసిన పెట్టె. అందులో టాంగ్ డబ్బా, నిడో పాలపొడి, తలనొప్పి తైలం సీసాలు, పులి బొమ్మ దుప్పటి, వాటి అడుగున మీరు. పసుపు రంగు ప్లాస్టిక్, పైన స్టిక్కరు. స్టిక్కరు మీద కండలు తిరిగిన సిపాయి, ఒక తాబేలు, యుద్ధ విమానం, ఓ మూల ఇరుక్కుని మారియో. సిపాయికి కాంట్రా అనే కాల్పుల గేముతో బంధుత్వం ఉందేమో అనుకోవచ్చు. ఆ తాబేలు ఎవరి తాలూకో ఇప్పటికీ తెలీదు.

"కోటి గేములంటరా, షాపువాడు చెప్పాడు" అంది మా పిన్ని. అక్కడ వేరేవాళ్ల ఇంట్లో అంట్లు తోమి, వాళ్ల పిల్లల్ని ఎత్తుకుని దాచుకున్న దీనార్లు అవి. కోటి కాదు పిన్నీ, ఒకటి తక్కువ అని నేను సరిదిద్దాను. చిన్నప్పట్నుంచీ లెక్కల్లో గట్టివాణ్ణి.

గేముకి నిమిషం చొప్పున, నిద్రాహారాలు మానేసి ఆడితే మొత్తం పూర్తవడానికి పందొమ్మిదేళ్లు పడుతుందని మా ట్యూషన్ మాస్టారు కాగితం మీద వేసి చూపించారు. అప్పటికి నాకు పదేళ్లు. ఇరవై తొమ్మిదో ఏట గానీ పెళ్లిచూపులకు ఖాళీ దొరకదని మా అమ్మ దిగులు పెట్టుకుంది.

ఆ దిగులు మీరు తొలి పూటే తీర్చేశారు. మీ పట్టీలో మొదట మారియో, కాంట్రా, డక్ హంట్ అనే బాతుల వేట, ట్యాంకుల ఆట, ఇంకో నాలుగైదు. పేజీ తిరిగిందో లేదో మళ్లీ అదే మారియో, పేరు మార్చుకుని. ఒకచోట నేరుగా చీకటి లెవెల్లో దిగుతాడు. ఇంకోచోట ఎగిరితే తెర దాటి పైకి పోయి, మనం మర్చిపోయాక కిందికి వస్తాడు. పట్టీలో వందో నంబరుకి వెళ్లి చూసినా మీసాలు అవే. ఓటర్ల జాబితాలు తయారుచేసే వాళ్లు మీ దగ్గర శిక్షణ తీసుకున్నారేమోనని నాకో అనుమానం.

ఒకరోజు మా అన్నయ్య స్క్రూ విప్పి మీ లోపల చూశాడు. అరచేతిలో సగం ఉన్న పచ్చ బోర్డు, దాని మధ్యలో నల్లటి జిగురు బొట్టు. మిగతాదంతా ఖాళీ. అంత పెద్ద డొక్కలో అంతే సరుకు! తప్పుపట్టలేం లెండి. జపాన్‌లో నింటెండో వాళ్లు 1983లో ఫ్యామికామ్ అనే, టీవీకి తగిలించి గేములాడే పెట్టె తెచ్చారు, మా ఇంట్లో ఉన్నది దానికి పేరు లేని నకలు. ఆ పెట్టె మీద 1985లో వచ్చిన మారియో గేము మొత్తం కలిపి 40 కిలోబైట్లు. ఇప్పుడు వాట్సాప్‌లో మా మామయ్య పంపే శుభోదయం బొమ్మ అంతకంటే బరువు. మారియో అంత చిన్నదన్న మాట మీరు స్టిక్కరు మీద రాసి ఉంటే నేనే మెచ్చుకుని కొనేవాణ్ణి.

అయినా మిమ్మల్ని నమ్మడంలో వింతేముంది? నర్సాపురం పక్కన, మధ్యాహ్నం బనీనుతో తిరిగే డిసెంబరులో, సరుగుడు కొమ్మ నరుక్కొచ్చి దూది అంటించి మంచు అన్న ఇల్లు మాది.

మా సండే స్కూల్ నాటికలో కూడా మిమ్మల్ని వాడుకున్నాం. మిమ్మల్ని కాదు, డక్ హంట్ ఆడటానికి మీతోపాటు వచ్చిన తుపాకీని. ఏటా అదే కథ, అవే తువ్వాళ్లు చుట్టుకున్న కాపరులు, అదే బంగారం, సాంబ్రాణి, బోళం. ఆ ఏడు హేరోదు సైనికుడి కర్ర విరిగింది. మా తమ్ముడు ఇంటికి పరిగెత్తి తుపాకీ తెచ్చిచ్చాడు. బేత్లెహేము వీధుల్లో రోమన్ల కాలంలో వెనక వైరు వేలాడుతున్న ప్లాస్టిక్ తుపాకీ! సంఘం అంతా చప్పట్లు కొట్టింది. గాబ్రియేలుకి కూడా అన్ని పడలేదు.

ఇక క్రిస్మస్ ఉదయం. ఆరాధన అయ్యాక అయ్యగారు ఇంటింటికీ వచ్చి ప్రార్థన చేస్తారు. మేము సరిగ్గా మారియోలో ఆఖరిదైన ఎనిమిదో లోకంలో, చివరి కోట దగ్గర్లో ఉన్నాం. "ఆ గేమ్ కట్టండ్రా" అంది అమ్మ. కడితే ఆడిందంతా పోతుంది. దాచుకునే ఏర్పాటు మీకు లేదు కదా. అన్నయ్య స్టార్ట్ బటన్ నొక్కాడు. మారియో గుంట మీద గాల్లో ఆగిపోయాడు. అయ్యగారు కళ్లు మూసుకుని మొదలుపెట్టారు. పిన్ని వీసా, బాబాయి మోకాలు, మా అర్ధ సంవత్సరం మార్కులు, తుపాను బాధితులు, ప్రధానమంత్రి, ఆయన మంత్రివర్గం. ఎడాప్టరు ఇస్త్రీపెట్టెలా కాలుతోంది. నేను ఒక కన్ను తెరిచి చూశాను. పాపం, మారియో అక్కడే ఉన్నాడు, మోకాలు మడిచి, చెయ్యి పైకెత్తి, ఆ గదిలో అందరికంటే భక్తిగా.

"ఆమెన్" అన్నాం. కరెంటు పోయింది.

చిన్న ఫిర్యాదులు ఇంకా ఉన్నాయి. మీరు పలకనప్పుడల్లా నోటి దగ్గర పెట్టుకుని ఊదేవాళ్లం. ఊదితే తడి తగిలి లోపలి కాళ్లు పాడవుతాయని, ఊదొద్దని నింటెండో వాళ్లే చెప్పారట. ఆ తుపాకీ సంగతీ అంతే. అది గుండు వదలదు, చూస్తుంది. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల గడి వెలుగుతుంది. ఆ వెలుగు తుపాకీ కంటికి కనబడితే తగిలినట్టు. అందుకే ఇప్పటి పల్చటి టీవీల ముందు అది గుడ్డిది. గురి తప్పితే గడ్డిలోంచి లేచి నవ్వే ఆ కుక్కను చూసి మా నాన్నమ్మ "ఎవరింటి కుక్కరా అది, పళ్లికిలిస్తోంది" అని టీవీ మీదకి చీపురు విసిరింది.

2016లో నింటెండో వాళ్లు ఆ పాత పెట్టెనే బుల్లిగా చేసి మళ్లీ అమ్మారు. అందులో గేములు 30. ముప్పయ్యే! అసలు కంపెనీకే అంతకు మించి నోరు రాలేదు. మీకెలా వచ్చిందండీ?

కువైట్ నుంచి పిన్ని ఫోన్ చేస్తే మేము ఎదురింట్లో మాట్లాడేవాళ్లం. ప్రతిసారీ అడిగేది, "ఎన్ని ఆడావురా?" అని. వెయ్యి దాటాయి పిన్నీ అనేవాణ్ణి. మరుసటి ఏడు పదివేలు అన్నాను. పిన్ని ఇప్పుడు ఊళ్లోనే ఉంటోంది. మనవళ్లు ఫోనులో ఆడుతుంటే, "మా అప్పుడు వీడికి కోటి గేములు కొన్నాను" అని ఊరంతా చెబుతోంది. నిన్న మళ్లీ అడిగింది, అయిపోయాయా అని. ఇంకా సగమే అయ్యాయన్నాను.

కాబట్టి మీ దగ్గర్నుంచి నాకు రావాల్సినవి, నాలుగైదు అటూ ఇటూ, 99,99,990 గేములు. వడ్డీ వద్దు. ఒకేసారి కష్టమైతే ఏటా క్రిస్మస్‌కి కొన్ని చొప్పున వాయిదాల్లో పంపినా పుచ్చుకుంటాను. అట్టపెట్టెలో నైలాన్ తాడు కట్టి, పేరు పిన్నిది రాయండి.

ఇట్లు,
తమ విధేయుడు, ఎనిమిదో లోకంలో ఆగిపోయినవాడు

తా.క.: ఆ కుక్కను మాత్రం మళ్లీ పంపొద్దు. చీపురు ఇప్పుడు మా ఆవిడ చేతిలో ఉంది, టీవీ ఖరీదైనది.