ఆ ఏనుగు చేస్తున్నది డాన్స్ కాదు

"జూలో జంతువులకు రాజభోగం" అన్న మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. ఒక గ్రూపులో జవాబు చెబితే ఇంకో గ్రూపులో తేలుతుంది. పంపుతున్నది జంతువులంటే ప్రాణం పెట్టేవాళ్లే కావడం ఇంకా బాధగా ఉంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: వేళకు తిండి, ఉచిత వైద్యం, శత్రుభయం లేదు. అడవిలో కంటే రెట్టింపు ఆయుష్షు. అక్కడే పుట్టాయి కనుక అడవి మీద బెంగ ఉండదు. పులి అటూ ఇటూ నడిస్తే వ్యాయామం, ఏనుగు ఊగితే సంతోషంతో చేసే డాన్స్. మనం ప్రేమగా ఏదైనా పెడితే ఆనందంగా తింటాయి. తెల్లపులి లాంటి అరుదైన జాతులు జూల వల్లే మిగిలాయి. ఇది నచ్చనివాళ్లు వాటిని అడవిలో వదిలి చూడండి.

శత్రుభయం సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. పులి ఎన్‌క్లోజర్ మీదుగా గాలి వీచే వైపున జింకల్ని పెడితే, ఆ వాసన వాటికి రోజంతా తగులుతూనే ఉంటుంది. అడవిలోనైతే పారిపోతాయి, ఇక్కడ పారిపోవడానికి చోటు లేదు.

డాన్స్ మాట దగ్గర మాత్రం ఆగాలి. మెసేజ్ మొత్తంలో ఎక్కువ హాని చేసేది ఇదే. నలిగిపోతున్న జంతువుని చూపించి పిల్లలతో చప్పట్లు కొట్టిస్తోంది.

ఏనుగు బరువుని ఒక ముందుకాలి మీద నుంచి ఇంకో దాని మీదకి మారుస్తూ, తల ఎడమకీ కుడికీ ఆడిస్తూ, తొండాన్ని అదే లయలో ఊపుతూ నిలబడుతుంది. ఏ ప్రయోజనమూ లేకుండా ఒకే కదలికని ఒకే క్రమంలో మళ్లీ మళ్లీ చేయడాన్ని స్టీరియోటైపీ అంటారు. ఉత్తర అమెరికా జూలలోని ఏనుగుల మీద 2016లో వచ్చిన అధ్యయనంలో 85 శాతం ఏనుగుల్లో ఇది కనిపించింది. పగటి పరిశీలనల్లో 15.5 శాతం, రాత్రి పరిశీలనల్లో 24.8 శాతం ఇదే. అంటే చూసేవాళ్లెవరూ లేని రాత్రిపూటే ఎక్కువ. ఇంకా దీన్ని డాన్స్ అనడానికి నోరెలా వస్తుంది? అదే అధ్యయనంలో, ఒంటరిగా ఉంచిన సమయం పెరిగేకొద్దీ ఊగడం పెరిగింది. పిల్ల ఏనుగులతో గడిపే సమయం పెరిగితే తగ్గింది.

పులి "వ్యాయామం" కూడా అలాంటిదే. కావాలంటే ఎన్‌క్లోజర్ దగ్గర కదలకుండా పది నిమిషాలు నిలబడి చూడండి. వాసన చూసుకుంటూ, మధ్యలో ఆగుతూ, దారి మారుస్తూ తిరుగుతుంటే అది మామూలు నడకే. కంచె వెంట ఒకే గీత మీద వెళ్లి, ఒకే చోట మెడ ఒకే వైపు విరిచి వెనక్కి తిరుగుతుంటే, ప్రతిసారీ ఒకే పంజా ఒకే చోట పడుతుంటే, అది స్టీరియోటైపీ. నేల చూసినా తెలిసిపోతుంది. మిగతా చోట గడ్డి ఉండి కంచె పక్కన మాత్రం జానెడు వెడల్పున మట్టి నున్నగా అరిగి ఉంటుంది. జిరాఫీ గంటల తరబడి ఇనుప కంచెనో గోడనో నాకుతుంటే దానికి కొమ్మలు చాలడం లేదని అర్థం. చిలుక తన ఒంటి ఈకలు తానే పీక్కుంటుంటే, తల మీద మాత్రం ఈకలు నిండుగా ఉంటాయి. ముక్కుకి అందని చోటు అదొక్కటే మరి.

ఎందుకిలా అవుతుంది? రోస్ క్లబ్, జార్జియా మేసన్ అనే పరిశోధకులు 2003లో మాంసాహార జంతువుల్ని పోల్చి చూశారు. అడవిలో ఎంత విశాలంగా తిరిగే జాతి అయితే, బంధిస్తే అంత ఎక్కువగా ఈ తిరుగుడు కనిపించింది, పిల్లలు చనిపోవడమూ అంత ఎక్కువగానే ఉంది. ధ్రువపు ఎలుగుబంటికి జూలలో దొరికే చోటు, సహజంగా అది తిరిగే కనీస ప్రాంతంలో సుమారు పది లక్షల వంతు. న్యూయార్క్ సెంట్రల్ పార్క్ జూలో గస్ అనే ధ్రువపు ఎలుగుబంటి 1990లలో నీళ్లలో 8 అంకె ఆకారంలో గంటల తరబడి ఈదుతూనే ఉండేది. దానికి మనుషులకిచ్చే డిప్రెషన్ మందు ఇవ్వాల్సి వచ్చింది. మందు ఒక్కటే కాదు, చేపల్ని మంచుగడ్డల్లో పెట్టి ఇచ్చారు, తిండి దాచి వెతికించారు. తగ్గింది, పూర్తిగా పోలేదు.

ఇక్కడ మెసేజ్ పక్షాన నేనే రెండు మాటలు చెప్పాలి. తిరుగుతున్న జంతువు కనపడగానే ఆ జూని దోషిగా నిలబెట్టడం తప్పు. చిన్న బోనులో ఏళ్లు గడిపి బయటపడిన ఎలుగుబంటి, ఎంత మంచి చోటికి మార్చినా పాత అలవాటు వదలకపోవచ్చు. అది పాత గాయం తాలూకు మచ్చ, కొత్త చోటి తప్పు కాదు. స్థలం ఒక్కటే సర్వస్వం కూడా కాదు. సింహం రోజుకి 20 గంటల దాకా పడుకునే ఉంటుందన్నది నిజమే. చేయడానికి ఏమీ లేని ఎకరం కంటే, ఎక్కడానికి, దాక్కోవడానికి, తవ్వడానికి, వెతుక్కోవడానికి వీలున్న అర ఎకరమే మేలు. ఇంకో మాట: తిరగకుండా మూలన పడి ఉన్న జంతువు బాగుందనుకోవద్దు. ఒక్కోసారి దాని పరిస్థితే ఎక్కువ దిగజారి ఉంటుంది.

వేళకు తిండి అన్నదే అసలు సమస్యలో సగం. రోజూ 4 గంటలకి ఒకే గేటు దగ్గర మాంసం పడుతుందని తెలిసిన జంతువు, 2 గంటల నుంచే ఆ గేటు ముందు తిరగడం మొదలుపెడుతుంది. అదే మాంసాన్ని నాలుగు భాగాలు చేసి, వేళలు మారుస్తూ, ఒకటి ఎత్తున కట్టి, ఒకటి దుంగ కింద దాచి, వారంలో కొన్నిసార్లు ఎముకతో పెద్ద ముక్కగా ఇస్తే, దానికి రోజులో పని దొరుకుతుంది. దీనికి ఖర్చు పెద్దగా కాదు, కీపర్ సమయం కావాలి. ఎక్కడ చెడుతుందో కూడా చెబుతాను. ఒకే వస్తువుని పది రోజులు అలాగే వదిలేస్తే అది రాయితో సమానం, మారుస్తూ ఉండాలి. మూడు కోతులున్న చోట తిండి దాచిన పెట్టె ఒక్కటే పెడితే బలమైనది దాన్ని ఆక్రమించుకుంటుంది, మిగతా రెండూ దెబ్బలు తింటాయి. జంతువుల సంఖ్య కంటే పెట్టెలు ఒకటి ఎక్కువ ఉండాలి.

ఇంకా ఎవరూ పట్టించుకోనిది రాత్రి గది. సాయంత్రం 5కి లోపలికి తోలి ఉదయం 9కి వదిలే చోట జంతువు 16 గంటలు ఆ గదిలోనే ఉంటుంది. మనం ఫొటో తీసే చెట్లూ కందకమూ మిగతా 8 గంటలకే. సిమెంటు గచ్చు మీద, మూత్రంతో తడిసిన చోట నిలబడ్డ ఏనుగు పాదం ఏమవుతుందో తెలుసా? మట్టి మీద మైళ్లు నడిస్తే అరగాల్సిన గోళ్లూ అరికాలి చర్మమూ అరగవు. గోరు పెరిగి నిలువునా చీలుతుంది, అరికాలు పగులుతుంది. ఆ పగులులోకి తడీ పేడా చేరి చీము పడుతుంది. వారాల తరబడి రోజూ పాదాన్ని మందు నీళ్లలో నానబెట్టి, చచ్చిన కణజాలం చెక్కి తీయాలి. ఇన్‌ఫెక్షన్ వేలి ఎముకకి చేరితే ఇక మందు లొంగదు. పాదాల జబ్బులూ కీళ్ల నొప్పులూ ముదిరి చివరికి ప్రాణం తీయక తప్పని ఏనుగులు ఎన్నో. కీళ్లు నొప్పి పుట్టిన ఏనుగు గచ్చు మీద పడుకోవడానికి భయపడుతుంది, లేవలేనని. గోడకి ఆనుకుని నిలబడే కునుకు తీస్తుంది. లోతుగా ఇసుక పోసి, ఒక పక్క వాలుగా దిబ్బ చేస్తే దానికి ఆనుకుని పడుకుంటుంది, లేస్తుంది. మందు ఇదే, ఇసుక.

ఉచిత వైద్యం అన్నమాట కూడా ఇక్కడే తేల్చుకుందాం. అడవి జంతువు జబ్బుని దాచుకుంటుంది. డాక్టర్‌కి కనపడేసరికే ఆలస్యమైపోతుంది. మిగిలిన తిండి ఎంత, పేడ గట్టిగా ఉందా పలచగా ఉందా, ఏ కాలు ఎత్తి పెడుతోంది అని రోజూ రాసుకునే కీపర్ లేనిచోట డాక్టర్ ఉన్నా లేనట్టే. మత్తు సూది వేసి పరీక్ష చేయడం ప్రతిసారీ ప్రమాదమే. జిరాఫీకి మరీను. మంచి చోట్ల పులికి మాంసం ముక్క ఆశ చూపి, కంచె పక్కన పడుకోబెట్టి, తోక బయటికి ఇవ్వడం నేర్పి, మత్తు లేకుండానే రక్తం తీస్తారు. నేర్పడానికి నెలలు పడుతుంది. ఈ పని జరుగుతోందా అని అడగాలి, డాక్టర్ ఉన్నాడా అని కాదు.

ఆయుష్షు విషయంలో మెసేజ్ చెప్పింది పూర్తి అబద్ధం కాదు. రెట్టింపు అన్నది అతిశయమే గానీ, 2016లో 59 క్షీరద జాతుల్ని పోల్చిన అధ్యయనంలో 80 శాతానికి పైగా జాతులు జూలోనే ఎక్కువ కాలం బతికాయి. చిన్నవి, త్వరగా పెరిగి త్వరగా పిల్లల్ని పెట్టేవి బాగా లాభపడ్డాయి. దీన్ని దాచడం నిజాయితీ కాదు. కానీ ఏనుగు సంగతి వేరు. 2008లో వచ్చిన లెక్క ప్రకారం, యూరప్ జూలలో ఆఫ్రికా ఆడ ఏనుగుల మధ్యస్థ ఆయుష్షు 16.9 ఏళ్లు. కెన్యాలోని అంబోసెలీలో సహజంగా చనిపోయిన వాటికి 56 ఏళ్లు. మనుషులు చంపినవాటిని కలిపినా 35.9. తరవాతి కాలంలో జూల లెక్క కొంత మెరుగైంది. ఏనుగు బొమ్మ పెట్టి "రెట్టింపు ఆయుష్షు" అని రాయడం మాత్రం అబద్ధమే.

అక్కడే పుట్టాయి కనుక బెంగ ఉండదన్నదానికి మింక్ అనే చిన్న జంతువు జవాబు చెప్పింది. తరతరాలుగా బొచ్చు కోసం బోనుల్లోనే పెంచిన మింక్‌లకి 2001లో ఒక ప్రయోగంలో రకరకాల గదులు చూపించి, తలుపులకి బరువులు పెంచుతూ పోయారు. ఈత కొట్టే నీళ్లున్న గది కోసం అవి అన్నిటికంటే ఎక్కువ బరువు నెట్టాయి. నీళ్లు అందకుండా చేస్తే, తిండి ఆపినప్పుడు పెరిగినంత ఒత్తిడి హార్మోన్ పెరిగింది. చెరువు ముఖం చూడని జంతువుల తరాల తరవాత కూడా ఈత కోరిక చావలేదు. కోరిక పుట్టుకతో వచ్చేది.

ప్రేమగా పెట్టడం గురించి కటువుగానే చెప్పాలి: పెట్టకండి. జింక, జిరాఫీ లాంటి నెమరువేసే జంతువు పొట్టలో ఆకునీ గడ్డినీ నెమ్మదిగా పులియబెట్టే సూక్ష్మజీవులుంటాయి. బ్రెడ్డూ బిస్కట్లూ పడితే పిండి పదార్థం ఒక్కసారిగా పులిసి లాక్టిక్ ఆమ్లం అవుతుంది. 6 నుంచి 7 మధ్య ఉండాల్సిన పీహెచ్ 5.5 కంటే దిగువకి జారుతుంది. పొట్ట గోడ పుండ్లు పడుతుంది, బ్యాక్టీరియా రక్తంలో కలిసి కాలేయంలో చీముగడ్డలు పెడుతుంది, గిట్టలు వాచి నడవలేదు. "నేనిచ్చింది ఒక్క ముక్కే కదా" అంటారు. రోజుకి 2,000 మంది వచ్చేచోట వందకి ఒకరు ఇచ్చినా 20 ముక్కలు. కవరుతో సహా విసిరితే అది పొట్టలోనే ఉండిపోయి దారి మూసేస్తుంది, జంతువు నిండిన పొట్టతో ఆకలికి చస్తుంది. నోట్లో కొరికిన పండుని కోతికిస్తే మీ పెదవి మీది పొక్కుల్లో ఉండే హెర్పిస్ వైరస్ దానికి అంటవచ్చు. మార్మొసెట్ లాంటి చిన్న కోతులకి అది ప్రాణాంతకం. థాయ్‌లాండ్‌లో అదృష్టం కోసం జనం చెరువులోకి విసిరిన నాణేలు మింగిన ఒక సముద్రపు తాబేలు పొట్టలోంచి 2017లో 915 నాణేలు తీశారు. సుమారు 5 కిలోలు. రెండు వారాలకి అది చనిపోయింది. విసిరినవాళ్లలో ఒక్కరికీ చెడ్డ ఉద్దేశం లేదు.

తెల్లపులి జాతి కాదు. 1951లో మధ్యప్రదేశ్‌లోని రీవా అడవుల్లో పట్టిన మోహన్ అనే తెల్ల పులిపిల్లని, పెరిగాక దాని సొంత కూతురితోనే జత కట్టించి నిలబెట్టిన రంగు అది. ఇప్పుడు జూలలో ఉన్నవాటిలో అత్యధిక భాగం దాని వంశమే. ఆ రంగునిచ్చే జన్యువుతోనే కంటి నుంచి మెదడుకి వెళ్లే నరాల దారి తప్పుతుంది, అందుకే మెల్లకన్ను. అమెరికా జూల సంఘం 2011లో తన సభ్యుల్ని ఈ పెంపకం మానమంది. జూలు నిజంగా కాపాడిన వాటి పేర్లు కావాలంటే ఉన్నాయి. అడవిలో 1972లో కనుమరుగై 1982లో ఒమన్‌లో మళ్లీ వదిలిన అరేబియన్ ఓరిక్స్ అనే జింక లాంటి జంతువు ఉంది. 1987లో మిగిలినవన్నీ పట్టి తెచ్చి పెంచి, 1992 నుంచి మళ్లీ ఎగరనిచ్చిన కాలిఫోర్నియా కాండర్ అనే పెద్ద రాబందు ఉంది. ఆ జూలకి నా దండం. వాటి పేరు చెప్పి తెల్లపులికి టికెట్ కొట్టొద్దు.

అడవిలో వదిలేయమని మేమెవరమూ అడగడం లేదు. బోనులో పెరిగిన పులికి వేట రాదు, మనిషంటే భయం ఉండదు. వదిలితే అదైనా చస్తుంది, లేదా ఊళ్లోకొచ్చి మనిషైనా చస్తాడు. అడుగుతున్నది వేరు: చోటు చాలని జాతుల్ని కొత్తగా పుట్టించొద్దు, ఉన్నవాటికి ఇసుక, నీళ్లు, తోడు, మన చూపు నుంచి తప్పుకునే చాటు ఇవ్వండి. ఈసారి వెళ్లినప్పుడు కీపర్‌ని ఈ మూడు అడగండి: రాత్రి గదిలో ఎన్ని గంటలు ఉంటుంది, ఆ గది నేల ఏమిటి, ఈ వారం దీనికి కొత్తగా ఏం ఇచ్చారు. గీత మీద తిరిగే జంతువు కనిపిస్తే పది నిమిషాలు వీడియో తీసి, తేదీ, వేళ, ఎన్‌క్లోజర్ పేరు, ఎన్నిసార్లు తిరిగిందో లెక్క రాసి, అక్కడి అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. నెల తరవాత మళ్లీ అదే వేళకి వెళ్లి లెక్కపెట్టండి.