మహారాజశ్రీ 7805 రెగ్యులేటర్ గారికి

అయ్యా,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం, ఒక్క బ్యాటరీ తప్ప.

తమరి ఘనతకు వంక పెట్టడం లేదు. అటొకటి ఇటొకటి కెపాసిటర్ పెడితే చాలు, ఎక్కువ వోల్టేజి వచ్చినా దించి 5 వోల్టులు నిక్కచ్చిగా ఇస్తారు. వేడెక్కితే మీరే ఆగిపోతారు, షార్టయినా చావరు. అడాప్టర్‌తో నడిచే బోర్డుల్లో తమరికి ఎదురులేదు. చిక్కల్లా, సర్క్యూట్ పడుకున్నాక తమరు పడుకోకపోవడమే.

మా బోర్డుకు మెదడులాంటి చిప్, మైక్రోకంట్రోలర్, పది నిమిషాలకోసారి లేచి, ఉష్ణోగ్రత చూసుకుని మళ్ళీ పడుకుంటుంది. నిద్రలో దాని ఖర్చు 2 మైక్రోఆంప్స్. దాన్ని కనిపెట్టుకుని ఉన్నందుకు తమరు గ్రౌండ్ కాలి గుండా పారబోసేది సుమారు 5 మిల్లీఆంప్స్. రెండున్నర వేల రెట్లు! 9 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీలో 500 మిల్లీఆంప్-అవర్స్ ఉన్నాయనుకుంటే 100 గంటలు, అంటే నాలుగు రోజుల చిల్లర. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు, ఇది కొండ కూడా కాదాయె. ఆ వంద గంటలూ దక్కవు మళ్ళీ. ఇన్‌పుట్ 7 వోల్టులకు దిగితే చాలు, బ్యాటరీలో సరుకు మిగిలి ఉండగానే చేతులెత్తేస్తారు.

తమ్ముడు 78ఎల్05 బక్కపలచగా ఉన్నాడు కదాని చూశాం. ఆయనకూ 3 మిల్లీఆంప్స్ కావాలి. వంశం అలాంటిది.

అందుకని ఎంసీపీ1702 అనే వేరే రెగ్యులేటర్‌ను పెట్టుకున్నాం. ఖర్చు మామూలుగా 2 మైక్రోఆంప్స్, ఎక్కువలో ఎక్కువ 5. ఇన్‌పుట్ 13.2 వోల్టుల దాకా తట్టుకుంటుంది. ఇక బ్యాటరీ మన చేతిలో అయిపోయేకన్నా ముందే తనంతట తానే ఎండిపోతుంది. కాళ్ళు మూడే గానీ వరస వేరు: చదును ముఖం మనవైపు పెడితే ఎడమ నుంచి గ్రౌండ్, ఇన్‌పుట్, ఔట్‌పుట్. 78ఎల్05 పీకిన రంధ్రాల్లో చూడకుండా గుచ్చితే అంతే సంగతులు.

కొత్తాయన సుగుణాభిరాముడేం కాదు లెండి. ఆయన లోపల తక్కువ కరెంటుతో బతికే యాంప్లిఫయర్ మెల్లగా కదులుతుంది. బోర్డు మీది రేడియో లేచి ఒక్కసారిగా 100 మిల్లీఆంప్స్ లాగితే, అది తేరుకునేలోపే ఔట్‌పుట్ కుంగి మైక్రోకంట్రోలర్ రీసెట్ అవుతుంది. లేస్తుంది, రేడియో ఆన్ చేస్తుంది, మళ్ళీ రీసెట్. ఔట్‌పుట్ కెపాసిటర్‌కు తయారీదారు డేటాషీట్ 1 మైక్రోఫారడ్ చాలంటుంది. మేం 10 పెడతాం, ఎక్స్7ఆర్ రకం సిరామిక్, 16 వోల్టులది. 6.3 వోల్టులది పెడితే 5 వోల్టుల దగ్గర కెపాసిటెన్స్ బాగా తగ్గిపోవచ్చు.

పాపమంతా తమరి మీదే వేయడం కూడా అన్యాయమే. బ్యాటరీ వోల్టేజి చూడ్డానికి రెండు 10 కిలోఓమ్ రెసిస్టర్లతో వోల్టేజిని పంచే డివైడర్ కట్టిన మహానుభావులున్నారు; 9 వోల్టుల మీద అది రాత్రింబవళ్ళు తాగేది 450 మైక్రోఆంప్స్. ఒక్కోటి 1 మెగాఓమ్ పెట్టి, వోల్టేజిని అంకెగా మార్చే ఏడీసీ పిన్ దగ్గర 100 నానోఫారడ్ తగిలిస్తే నాలుగున్నరకు దిగుతుంది.

ఇట్లు,
బ్యాటరీ తరఫువాళ్ళు

తా.క.: తమరిని తీసేశాక కూడా మీటరు 3 మిల్లీఆంప్స్ చూపిస్తోంది. 1 కిలోఓమ్ వెనక దర్జాగా వెలుగుతున్న ఎర్ర పవర్ ఎల్‌ఈడీ గారి పని అది. వారికి వేరే ఉత్తరం రాస్తున్నాం.