మల్టీమీటరు ముంచితే ఆయిల్ సంగతి తెలియదు

"మూడు వందల రూపాయల మల్టీమీటరు కొనుక్కోండి. ఇంజిన్ ఆయిల్, బ్రేక్ ఆయిల్, కూలెంట్, బ్యాటరీ అన్నీ ఇంట్లోనే చెక్ చేసుకోవచ్చు. మెకానిక్ మాట నమ్మక్కర్లేదు." ఈ మెసేజ్ మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఈ నెలలోనే మూడుసార్లు వచ్చింది. మల్టీమీటరంటే వోల్టులు, కరెంటు, ఓమ్స్ కొలిచే చిన్న మీటరు. మెసేజ్‌లో నాలుగు చిట్కాలున్నాయి.

1. "ఆయిల్‌లో ప్రోబులు ముంచి ఓమ్స్ చూడండి. తగ్గితే ఆయిల్ పాడైనట్టే."

ప్రోబులంటే మీటరు వైర్ల చివర ఉండే ముళ్లు, ఓమ్స్ అంటే కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత. చేసి చూశాను. ఒక గాజు గ్లాసులో కొత్త ఆయిల్, ఇంకో దాంట్లో సర్వీసులో తీసిన నల్లటి డీజిల్ ఇంజిన్ ఆయిల్ పోసి, మీటరును పెద్ద రేంజిలో పెట్టి ముంచాను. రెండింటికీ 'ఓఎల్' (కొలతకు అందనంత ఎక్కువ) అనే చూపించింది. ప్రోబులు గాల్లో పట్టుకున్నా అదే. ఆయిల్ కరెంటును దాదాపు పోనివ్వదు, చేతిమీటరుకు అంత చిన్న తేడా అందదు. కొన్ని కార్లలో ఆయిల్ సెన్సర్లు ఉంటాయి కదా అంటారేమో, అవి చూసేది కెపాసిటెన్స్‌లో, అంటే చార్జిని పట్టి ఉంచే సామర్థ్యంలో వచ్చే మార్పు. అది వేరే లెక్క.

ఆయిల్‌లో నీళ్లు కలిశాయని అనుమానముంటే డిప్‌స్టిక్ మీది ఒక్క చుక్కను వేడి రేకు మీద వేయండి. తాళింపులో తడి కరివేపాకు పడ్డట్టు చిటపటలాడితే నీళ్లున్నట్టే. పాల కాఫీ రంగుకు తిరిగిందంటే ఆ పరీక్ష కూడా అక్కర్లేదు.

2. "బ్రేక్ ఆయిల్‌లో లైట్ల పెన్ను పెట్టండి. పచ్చ లైటు వెలిగితే మార్చక్కర్లేదు."

లైట్ల పెన్నంటే బ్రేక్ ఆయిల్‌లో నీరెంతో లైట్లతో చూపించే చిన్న టెస్టరు. నాలుగింటిలో భయపెట్టేది ఈ చిట్కానే. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. తిరుమల ఘాట్‌లో ఫుల్ లోడుతో బ్రేకు తొక్కుకుంటూ దిగేటప్పుడు ఆయిల్ మరిగి ఆవిరైతే, పెడల్ మెత్తగా కిందికి పోతుంది, బండి ఆగదు.

పెన్ను ఆ మరిగే వేడిని కొలవదు. కరెంటు ఎంత బాగా పోతోందో చూసి, దాన్నిబట్టి నీరెంతో ఊహిస్తుంది. కానీ ఆ కరెంటు నీటినిబట్టే కాదు, కంపెనీ కలిపిన రసాయనాలనుబట్టీ మారుతుంది. పైగా మనం ముంచేది పైన డబ్బాలో, వేడెక్కేది కింద చక్రం దగ్గర. ఎర్ర లైటు వెలిగితే మార్చండి, నష్టం లేదు. పచ్చ లైటును మాత్రం నమ్మకండి. మరిగే వేడిని కొలిచే టెస్టరు ఉన్న చోట చూపించండి, లేదా కారు మాన్యువల్‌లో చెప్పిన గడువుకి మార్చేయండి.

3. "నల్ల ప్రోబు బ్యాటరీ నెగెటివ్‌కి, ఎర్రది కూలెంట్‌లోకి. అర వోల్టు దాటితే హెడ్ గాస్కెట్ పోయినట్టే."

కూలెంట్ అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, హెడ్ గాస్కెట్ అంటే ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు. పరీక్ష నిజమే, తీర్పే తప్పు. రకరకాల లోహాల మధ్య కూలెంట్ ఉండటంతో అదే చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది. వోల్టేజీ ఎక్కువైతే తుప్పును ఆపే రసాయనాలు అయిపోయాయేమో అని అనుమానించాలి. ఇంజిన్ ఆన్ చేసి ఏసీ, హెడ్‌లైట్లు వేయగానే రీడింగు పెరిగితే ఎర్త్ వైరు (బ్యాటరీ నెగెటివ్‌ను బండి బాడీకి కలిపేది) చూసుకోవాలి. గాస్కెట్ అనుమానానికి వేరే పరీక్ష ఉంది: రేడియేటర్‌లోంచి వచ్చే గాలిని నీలం రంగు ద్రావణం గుండా పంపుతారు, ఇంజిన్ పొగ కలిస్తే అది పెట్రోల్ బండిలో పసుపుకు, డీజిల్ బండిలో ఆకుపచ్చకు తిరుగుతుంది. ఇక రేడియేటర్‌లో బోరు నీళ్లు పోసేవాళ్లకి ఏ మీటరూ అక్కర్లేదు, మూత లోపల తెల్లగా పేరుకున్న పొరే చెబుతుంది. ఇంజిన్ చల్లారకుండా మాత్రం ఆ మూత తిప్పకండి.

4. "బ్యాటరీ 12.6 వోల్టులుంటే ఫుల్."

ఇది కరెక్ట్. కాకపోతే బండి ఆపగానే కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది, కొన్ని గంటలు వదిలేసి కొలవాలి. 12కి వచ్చిందంటే దాదాపు ఖాళీ. మూతలు తీసే రకమైతే ఆరు సెల్లుల్లో ఏది బలహీనపడిందో యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటరే చెబుతుంది.

మెసేజ్‌లో రాయనిది ఒకటుంది. మీటరు ఎర్ర వైరు ఆంప్స్ (కరెంటు కొలిచే) రంధ్రంలో ఉండగా బ్యాటరీకి ఆనిస్తే నేరుగా షార్టే. మా కింది ఫ్లాటు అంకుల్ మొన్న అదే చేశారు. చవక మీటరు, ఆ రంధ్రానికి ఫ్యూజు కూడా లేదు. వైరు కరిగి చేతికి అంటుకుంది.